కలం పేరు: బ్యాంకులో, సభలో, ఇంట్లో

తిరుపతిలో ఏ సాహిత్య సభలోనైనా వెనక నిలబడి "శ్రీనివాసులన్నా" అని పిలవండి, నలుగురు తిరిగి చూస్తారు. వెంకటేశ్వర్లు, బాలాజీ, గోవిందరాజులు, మునిరత్నం, మునికృష్ణ... కొండ కింద ఊళ్ళలో ఏ వీధికి పోయినా ఈ పేర్లే. ఇంటిపేరు పొడి అక్షరం కూడా ఒకటే అయిందంటే మీ కథకు వచ్చిన మెచ్చుకోలు ఉత్తరం ఇంకొకరి ఇంటికి పోతుంది. ఇక్కడ రాసేవాళ్ళలో చాలామందికి కలం పేరు అలంకారం కాదు, అవసరం. ఉద్యోగం వల్ల పెట్టుకునేవాళ్ళున్నారు. ఇంటిపేరూ పేరు చివరి తోకా చూసి ఊరూ కులమూ లెక్కగట్టే పాఠకుడి నుంచి తప్పించుకోవడానికి పెట్టుకునేవాళ్ళున్నారు. అత్తగారింట్లో తెలియకుండా రాసుకునే ఆడవాళ్ళున్నారు. కారణం ఏదైనా, పేరు ఎంచుకోవడం కంటే ముందు తేల్చుకోవలసింది ఇంకొకటుంది: ఈ పేరు వెనక ఉన్నది మీరేనని ఎవరెవరికి తెలియాలి?

ఒక కాగితం తీసుకుని రాయండి. ఇంట్లోవాళ్ళు, ఆఫీసు, సంపాదకుడు, ప్రచురణకర్త, తోటి రచయితలు, పాఠకులు, చుట్టాలు. ఒక్కొక్కరి ఎదురుగా "తెలియాలి", "తెలిసినా ఫరవాలేదు", "తెలియకూడదు" అని రాసుకోండి. అన్నిచోట్లా "ఫరవాలేదు" వచ్చిందంటే మీది తెరిచిన పేరు. ఆరుద్ర అంటే భాగవతుల సదాశివశంకర శాస్త్రి అని అందరికీ తెలిసినట్టు మీదీ తెలిసిపోతుంది, ఇబ్బంది లేదు. కొన్నిచోట్ల మాత్రమే "తెలియకూడదు" అని వస్తే సగం మూసిన పేరు. తాతయ్యగుంట గంగజాతరలో వేషం కట్టింది ఎవరింటి పిల్లోడో వీధికంతా తెలుసు, అయినా ఆ పూట వేషానికే మొక్కుతారు. సగం మూసిన పేరు అట్లాంటిది. పూర్తిగా మూసిన పేరు మాత్రం బరువైన పని. సభకు పోకూడదు, ఫొటో ఇవ్వకూడదు, పుస్తకం చేత్తో అమ్ముకోకూడదు, ఫోన్ నంబరు ఎవరికీ ఇవ్వకూడదు. అంత అవసరం చాలా తక్కువమందికి ఉంటుంది. ఉత్సాహంలో పూర్తిగా మూసుకుని, మొదటి బహుమతికి ఫొటో అడగగానే తెరిచేసేవాళ్ళే ఎక్కువ. కాగితం మీద ముందే తేల్చుకుంటే ఆ తడబాటు ఉండదు.

పేరు ఎంపిక

ఉదాహరణకు మీ అసలు పేరు కె. మునిరత్నం, పెట్టుకోదలచిన పేరు "కొండగాలి" అనుకుందాం. నాలుగక్షరాలు, ఒత్తులు లేవు, ఫోనులో ఒక్కసారి చెబితే అర్థమవుతుంది. ఇలాంటి పేరు నిలబడుతుంది. "శేషు" లాంటిదయితే శేషు, శేశు, సేషు అని మూడు రకాలుగా అచ్చవుతుంది. ఋ, ఱ, ః ఉన్న పేర్లకూ ఇదే గతి. పరీక్ష సులభం: బజారులో ఫ్లెక్సీలు వేసే అంగడికి పోయి, రాసివ్వకుండా నోటితో చెప్పి ఆ పేరు టైపు చేయమనండి. కుర్రోడు మొదటిసారే సరిగా కొట్టాడంటే పేరు గట్టిదే. సభ బ్యానర్లు చేసేది ఆ చేతులే.

పేరు మధ్యలో పొల్లు రాకుండా చూసుకోండి. "రాజ్‌కుమార్" అని రాయాలంటే కంప్యూటరులో జ్ తర్వాత కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు పెట్టాలి. అది పెట్టకపోతే కింద క వత్తు వచ్చి "రాజ్కుమార్" అవుతుంది. ఒక పత్రిక ఒకలా, ఇంకో పత్రిక ఇంకోలా వేస్తే నెట్‌లో వెతికినప్పుడు మీ రచనల్లో సగమే కనిపించే ప్రమాదం ఉంది. అను ఫాంట్లలో (డీటీపీలో వాడే, యూనికోడు కాని అక్షరాల్లో) ఉన్న ఫైలును యూనికోడులోకి మార్చేటప్పుడు ముందుగా విరిగేవి కూడా ఇలాంటి పేర్లే.

ఇంగ్లీషు అక్షరాల్లో స్పెల్లింగు కూడా మొదటి రోజే తేల్చుకోండి. "కొండగాలి"లో గా దగ్గర ఒక "ఏ" పెట్టాలా, రెండా? ఏదో ఒకటి. ఈమెయిలు, పుస్తకం వెనక అట్ట, అనువాదం, అన్నిచోట్లా అదే ఉండాలి. తర్వాత వెతకండి: తెలుగులో, ఇంగ్లీషు స్పెల్లింగులన్నిటితో, తెలుగు కథల గ్రంథాలయమైన శ్రీకాకుళం కథానిలయం వారి రచయితల జాబితాలో. అదే పేరుతో ఎవరైనా రాస్తున్నట్టు కనబడితే వదిలేయండి. ముందు ఊరి పేరు తగిలించి సరిపెట్టుకోవడం పని చేయదు, రెండేళ్ళలో ఆ ఊరి పేరు ఊడిపోతుంది.

స్వర్ణముఖి, శేషాచలం, కల్యాణి వంటి మన ఏరుల, కొండల పేర్లు అందమైనవే, కానీ ఇదివరకే ఎవరో వాడుతూ ఉండే అవకాశం ఎక్కువ. "సప్తగిరి" తితిదే మాసపత్రిక పేరు, దాని జోలికి పోవద్దు. "ఆచార్య", "డాక్టర్" పెట్టుకోవద్దు. విశ్వవిద్యాలయం ఉన్న ఊరిలో "ఆచార్య" అంటే ప్రొఫెసర్ అనే అర్థం. మగవాళ్ళు ఆడపేరుతో రాయడం తెలుగులో కొత్త కాదు, తెనాలిలో హోటలు పని చేస్తూ రాసిన ఎస్. నటరాజన్ "శారద"గానే నిలిచారు. అయితే ఆడవాళ్ళకే కేటాయించిన పోటీకో సంకలనానికో ఆ పేరుతో పంపడం మోసం. తమది కాని కులం, మతం, ప్రాంతం పేరు తగిలించుకుని ఆ జీవితం తమదేనన్నట్టు రాయడమూ అంతే. ఇది బయటపడిన రోజు మంచి కథలు కూడా చెడిపోతాయి.

ఇద్దరు కలిసి ఒకే పేరుతో రాయవచ్చు. భాగవతుల నరసింగరావు, త్రిపురసుందరమ్మ దంపతులు "బీనాదేవి"గా రాశారు. మీరూ అలా రాయదలిస్తే డబ్బు ఎవరి ఖాతాకు, ఒకరు మానేస్తే పేరు ఎవరిది అనే రెండు ముక్కలు మొదట్లోనే రాసుకుని ఇద్దరూ సంతకం చేయండి.

రచన పంపేటప్పుడు

రచన మీద కలం పేరు, హామీ పత్రం మీద అసలు పేరు. సూత్రం ఇంతే, కానీ తప్పు జరిగేదీ ఇక్కడే. కథ శీర్షిక కింద "కొండగాలి" అని మాత్రమే రాయండి. విడిగా ఒక పేజీలో ఇలా ఉండాలి: "ఈ కథ నా సొంత రచన. అనువాదం కాదు, అనుసరణ కాదు. ఇంతకుముందు ఎక్కడా అచ్చు కాలేదు, వేరే పత్రిక పరిశీలనలో లేదు. 'కొండగాలి' అనే కలం పేరుతో ప్రచురించగలరు. పారితోషికం కింది అసలు పేరున పంపగలరు." దాని కింద బ్యాంకు పుస్తకంలో ఉన్నట్టే పేరు, ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సి కోడు, పాన్, చిరునామా, ఫోను. సంతకం అసలుది. అసలు పేరు బయటికి రాకూడదనుకుంటే "అసలు పేరు, ఊరు, ఫోన్ నంబరు ప్రచురించవద్దని మనవి" అని అదే పేజీలో వేరే వరుసగా రాయండి. కథ చివర రచయిత ఫోన్ నంబరు వేసే అలవాటున్న పత్రికలున్నాయి. మీరు చెప్పకపోతే వేసేస్తారు, తప్పు వాళ్ళది కాదు.

పోటీలకు పంపేటప్పుడు జాగ్రత్త. "రాతప్రతి మీద రచయిత పేరు ఉండరాదు" అని నిబంధన ఉంటే అందులో కలం పేరు కూడా చేరుతుంది. ఫైలు పేరు కూడా చూసుకోండి, "కొండగాలి కథ" అని ఉంటే కొన్నిచోట్ల పక్కన పెట్టేస్తారు. ఇంకొకటి: వర్డ్ ఫైలు లక్షణాల్లో "ఆథర్" అనే చోట ఆ కంప్యూటరు ఎవరి పేరున ఉంటే ఆ పేరు పడుతుంది. ఆ ఫైలును పీడీఎఫ్ చేసినా పేరు వెంట వస్తుంది. మూసిన పేరుతో రాసేవాళ్ళు పంపే ముందు ఫైలు ఇన్ఫోలోకి పోయి దాన్ని తుడిచేయాలి. గూగుల్ డాక్ లింకు పంపితే యజమాని పేరు కనబడవచ్చు, కాబట్టి లింకు కాకుండా ఫైలే పంపండి.

డబ్బు

చెక్కు మీద "కొండగాలి" అని రాసి వచ్చిందనుకోండి. మీ ఖాతా మునిరత్నం పేరున ఉంది. బ్యాంకు తీసుకోదు, తీసుకోకపోవడమే సరి. చెక్కు చెల్లేది దాని మీది తేదీ నుంచి 3 నెలలే. అందుకే బీరువాలో పెట్టకుండా ఆ వారంలోనే, అసలు పేరు రాసిన ఉత్తరంతో వెనక్కి పంపి మార్పించుకోండి. ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ చూపినా కొన్ని శాఖల్లో ఒప్పుకోరు. మొదటి పారితోషికం రాకముందే పత్రికకు సరైన పేరు అందించడమే మేలు.

ఆదాయం కలం పేరుదైనా పన్ను మనిషిదే. రాయల్టీ పరిమితి దాటితే ప్రచురణకర్త 10 శాతం టీడీఎస్ పట్టుకుని మీ పాన్‌కు జమ చేస్తారు. పేరు దాచాలని పాన్ ఇవ్వకపోతే కోత 20 శాతం అవుతుంది, అది మీ పన్ను ఖాతాలో కనిపించదు కూడా. సంపాదకుడికి, ప్రచురణ సంస్థ లెక్కల గుమాస్తాకు అసలు పేరు తెలియక తప్పదు.

పుస్తకం సొంతంగా అచ్చువేసి అమ్మేవాళ్ళకు చిక్కంతా ఫోన్‌పే, గూగుల్‌పే దగ్గరే. పాఠకుడు స్కాన్ చేయగానే బ్యాంకులో ఉన్న పేరు తెర మీద పడుతుంది. కలం పేరు చూపించే దారి లేదు. దాచుకోవాలంటే పుస్తకాల అంగడికి ఇచ్చి అమ్మించాలి, లేదా ప్రచురణ పేరుతో వ్యాపార పత్రాలు తీసుకుని ఆ పేరున కరెంటు ఖాతా తెరవాలి. ఏడాదికి 200 ప్రతులు అమ్ముకునేవాళ్ళకు రెండోది దండగ.

సంతకం సంగతి గట్టిగా చెప్పాలి. పుస్తకం మీద అభిమానికి చేసే సంతకం, బ్యాంకు సంతకం ఎప్పుడూ ఒకటి కాకూడదు. కలం పేరును తెలుగులో, పొల్లులూ గీతలూ లేకుండా విడివిడి అక్షరాలతో రాయడం అలవాటు చేసుకోండి. బ్యాంకు సంతకం దానికి ఏ పోలికా లేకుండా ఉండాలి. వందల పుస్తకాల మీద మీ చెక్కు సంతకం నమూనా ఊరంతా పంచడం ఎందుకు?

ఉద్యోగం, చట్టం

కలం పేరు పెట్టుకుంటే ఆఫీసు నిబంధనలు వర్తించవనే నమ్మకం తప్పు. కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి, 1964లోని 9వ నియమం ప్రభుత్వ విధానాన్ని విమర్శిస్తూ రాయకూడదంటూ, సొంత పేరుతోనైనా, పేరు లేకుండానైనా, మారు పేరుతోనైనా అని స్పష్టంగా చెబుతుంది. అప్పుడప్పుడు చేసే సాహిత్య, కళా, శాస్త్ర సంబంధమైన పనికి ముందస్తు అనుమతి అక్కరలేదు. కథకు, కవితకు ఇబ్బంది లేదు. సొంత శాఖ విధానాన్ని విమర్శించే వ్యాసానికి ఉంది. రాష్ట్ర ఉద్యోగులకూ 1964 నాటి నియమావళి వేరే ఉంది, దేవస్థానానికీ విశ్వవిద్యాలయాలకూ తమ తమ నియమాలున్నాయి. మీకు వర్తించేది తెచ్చుకుని చదవండి. "ఫలానా కలం పేరుతో కథలు రాస్తున్నాను" అని ఒక ఉత్తరం ఇచ్చి, నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకుని దాచుకోండి. ఆ ముద్ర కాగితం తర్వాత ఎన్నో మాటలను ఆపుతుంది.

పరువు నష్టం దావాకు కూడా కలం పేరు అడ్డు కాదు. కేసు మనిషి మీద పడుతుంది. కోర్టు అడిగితే ప్రచురణకర్త పేరు చెప్పాల్సిందే.

కాపీరైటులో చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. మామూలుగా హక్కు రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు. 1957 చట్టం 23వ సెక్షను ప్రకారం అసలు రచయిత ఎవరో బయటపడని మారుపేరు రచనకు మాత్రం ప్రచురించిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ళే. 30 ఏళ్ళ వయసులో పుస్తకం వేసి, పేరు విప్పకుండా 80లో పోయినవారి పిల్లలకు మిగిలేది 60 కాదు, సుమారు 10 ఏళ్ళు. ఆ గడువులోగా రచయితా, ప్రచురణకర్తా ఇద్దరూ బహిరంగంగా పేరు చెబితే మామూలు లెక్కే వర్తిస్తుంది. పూర్తిగా మూసుకున్నవాళ్ళు ఏ ముద్రణలో పేరు విప్పాలో ప్రచురణకర్తతో ముందే అనుకోవడం మంచిది.

ప్రచురణ ఒప్పందంలో "కె. మునిరత్నం (కలం పేరు: కొండగాలి)" అని మొదటి వాక్యంలోనే రాయించండి. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. గడువు రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్ళుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశంగా లెక్కిస్తుంది. "కొండగాలి" అని మాత్రమే ఉన్న ఒప్పందం పట్టుకుని రేపు కోర్టుకు పోతే, ఆ కొండగాలి మీరేనని నిరూపించుకోవడంతోనే సగం కాలం గడిచిపోతుంది. ఒక నోటరీ అఫిడవిట్ చేయించి పెట్టుకోండి: అసలు పేరు, తండ్రి లేదా భర్త పేరు, చిరునామా, కలం పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ, ఏ సంవత్సరం నుంచి వాడుతున్నారో, మొదటి మూడు నాలుగు రచనలు ఏ సంచికల్లో వచ్చాయో. గెజెటులో పేరు మార్పించుకోనక్కరలేదు. అది అసలు పేరే మార్చుకునేవాళ్ళ పని.

సభలు, ఫోన్లు, ఇల్లు

సభలో పేరు బయటపెట్టేది సాధారణంగా శత్రువు కాదు, వ్యాఖ్యాత. "కొండగాలి అంటే ఎవరో కాదండీ, మన ఫలానా ఆఫీసులో పనిచేసే మునిరత్నం గారే" అంటారు, గౌరవించామనే అనుకుంటారు. దీన్ని ఆపడానికి ఒకటే మార్గం: పరిచయం మీరే నాలుగు వాక్యాల్లో రాసి, వేదిక ఎక్కకముందు చేతికివ్వండి. "అన్నా, ఇందులో ఉండేది మాత్రమే చదవండి, ఆఫీసు సంగతి వద్దు" అని నోటితోనూ చెప్పండి. ఆహ్వానపత్రం, బ్యానరు, సన్మాన పత్రం మూడింటికీ పేరు టైపు చేసిన మెసేజీగా పంపండి, ఫోనులో చెప్పి వదిలేయవద్దు.

సన్మాన పత్రం, ప్రశంసాపత్రం రేపు ఉద్యోగంలో, పింఛనులో, అకాడమీ దరఖాస్తులో చూపాల్సి వస్తుందనుకుంటే రెండు పేర్లూ ఉండేట్టు అడగండి. ఆకాశవాణి ప్రసంగానికి పిలిచినప్పుడు చెప్పే పేరు కలం పేరు కావచ్చు, ఒప్పందం కాగితం మీద, చెల్లింపులో అసలు పేరుండాలి.

నిర్వాహకులకు ఒక మాట. బయటి ఊరి నుంచి రచయితను తిరుపతికి పిలిచి, రైలు టికెట్టూ దర్శనమూ కొండ మీద గదీ కలం పేరుతో బుక్ చేయకండి. రైల్లో అడిగినా, వైకుంఠం క్యూ దగ్గర అడిగినా ఆధార్‌లో ఉన్న పేరే సరిపోలాలి. అతిథిని పిలిచిన రోజే "ఆధార్‌లో మీ పేరెట్లుందో పంపించండి సార్" అని అడగడంలో మొహమాటం వద్దు. సభకు ఒక పేరు, టికెట్టుకు ఒక పేరు అని మీ నోటుబుక్కులో రెండు గడులు గీసుకోండి.

ఫోను నంబరు మాత్రం ఎప్పుడూ రెండు వైపులా లాగుతుంది. ట్రూకాలర్‌లో కనిపించే పేరు మీరు పెట్టింది కాదు, ఎవరో తమ ఫోన్లో దాచుకున్నది కూడా కావచ్చు. సాహిత్య గ్రూపుల్లో చేరితే నంబరు కనిపిస్తుంది, ఆ నంబరు మీ పిల్లల బడి గ్రూపులోనూ ఉంటుంది. సగం మూసిన పేరుకైనా వేరే సిమ్ము, దానితో వేరే వాట్సాప్, వేరే ఈమెయిలు పెట్టుకోవడం మేలు. ఫేస్‌బుక్‌లో కలం పేరుతో సొంత ఖాతా తెరిస్తే, ఎవరైనా ఫిర్యాదు చేసిన రోజు గుర్తింపు కార్డు అడుగుతారు, ఖాతా ఆగిపోవచ్చు. పేజీ పెట్టుకుంటే ఆ బెడద తక్కువ. ఫోనులోని నంబర్ల జాబితా ఆ కొత్త ఖాతాకు ఇవ్వవద్దు. ఇచ్చారంటే మీ మేనమామకు "మీకు తెలిసినవారు కావచ్చు" అని కొండగాలి కనిపిస్తుంది.

ఇంటికి వచ్చేవాటి సంగతి అందరూ మరిచిపోతారు. పత్రిక ప్రతి "కొండగాలి, బైరాగిపట్టెడ" అని వస్తే పోస్ట్‌మ్యాన్‌కు ఆ పేరు తెలియదు, తిరుగు టపాలో పోతుంది. "కొండగాలి, కేరాఫ్ కె. మునిరత్నం" అని రాయించండి, పోస్ట్‌మ్యాన్‌కు ఒకసారి చెప్పి ఉంచండి. మూసిన పేరయితే కవరు మీద అసలు పేరు మాత్రమే రాయమనాలి. అలాగే ఇంట్లోవాళ్ళకూ చెప్పాలి. "కొండగాలి గారున్నారా?" అని సంపాదకుడు ఫోను చేస్తే, "ఆ పేరు గలోళ్ళు ఈడెవురూ లేరు నాయనా" అని అమ్మ పెట్టేస్తుంది. ఆమె తప్పు ఏముంది? ఆమె పెట్టిన పేరు అది కాదు కదా. కథ అచ్చయిందని చెప్పడానికి చేసిన ఫోను అట్లా పోయిందంటే వాళ్ళు మళ్ళీ చేయకపోవచ్చు.

చివరిగా ఒక దస్త్రం. అఫిడవిట్, ఒప్పందాలు, హామీ పత్రాల నకళ్ళు, అచ్చయిన ప్రతి రచనకు పత్రిక పేరూ తేదీ రాసిన జాబితా, ఈమెయిలు పాస్‌వర్డు, రాయల్టీ రావలసిన వాళ్ళ పేర్లు, అన్నీ ఒకే ఫైలులో పెట్టి, అది ఎక్కడుందో ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. వీలునామాలో "'కొండగాలి' పేరుతో వెలువడిన, వెలువడని రచనలన్నిటి హక్కులు" అని ఒక వాక్యం, ఎవరికి చెందాలో వారి పేరూ ఉండాలి. ఆ వాక్యం లేక, నాన్న ఏ పేరుతో రాశాడో తెలియక, పుస్తకం మళ్ళీ వేస్తామని వచ్చిన ప్రచురణకర్తకు ఏం చెప్పాలో తెలియని ఇళ్ళున్నాయి. ఫైలు అట్ట మీద రెండు పేర్లూ పెద్దక్షరాలతో రాయండి.